చెయ్యి జానెడు, నీడ రెండు జానలు

ఆ తాటాకు ఇలా పడెయ్యి చిన్నోడా. నడిమంటలో కాదురా, అంచున. ఒక్కసారి భగ్గుమందంటే నా ముచ్చట సగంలో ఉండగానే నెగడు చల్లారిపోతుంది. ఆఁ, అలాగ.

అమ్మడూ, ఆ సెల్లు పట్టుకుని గోడవారకీ గేటు దగ్గరకీ ఎందుకే తిరుగుతున్నావు, కాలు కాలిన పిల్లిలాగ? సిగ్నల్ లేదా? వస్తోంది, పోతోందా? ఇక్కడ ఒక గీత, అక్కడ నాలుగు గీతలా? సరే, వచ్చి కూర్చో. ఆ రావడమూ పోవడమూ చూస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇవాళ ఆ ముచ్చటే చెప్తాను.

నేను పుట్టింది 1942లో. నాకు పదేళ్లు వచ్చేసరికి ఈ ఊరు మొత్తానికి రేడియో ఒక్క కరణంగారి ఇంట్లోనే ఉండేది. కరెంటు లేదు. ఇటుకంత బ్యాటరీ పెట్టి పాడించేవారు. ఇంటి కప్పు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వెదురు గడలకి రాగి జాలీ కట్టి ఉండేది. దాన్ని ఏరియల్ అనేవారు. ఇంకో తీగ గోడ వెంట దిగి తులసికోట పక్కన మట్టిలోకి పోయేది, అది ఎర్తు. ఎండాకాలం దాని మొదట్లో రోజూ చెంబెడు నీళ్లు పొయ్యడం నా పని. ఆ పని చేసినందుకే నాకు అరుగు మీద ముందు వరసలో చోటు.

పగలు ఆ పెట్టె దాదాపు మూగదే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులోనే మొదలైంది గానీ మన ఊరికి పగటిపూట గరగర తప్ప ఏమీ అందేది కాదు. పొద్దుగూకాలి. దీపాలు పెట్టే వేళ దాటాక విజయవాడ లేచేది, మద్రాసు లేచేది, మనకి తెలియని భాషలవాళ్లు నలుగురు లేచేవారు. షార్ట్ వేవ్‌లోకి తిప్పితే కొలంబో నుంచి రేడియో సిలోను. సినిమా పాటలకి అదే పుట్టినిల్లు.

అయితే ఒక చిక్కు. ఘంటసాల పాట మంచి పట్టులో ఉండగా గొంతు పల్చబడిపోయేది. నూతిలో కూర్చుని పాడుతున్నట్టు ఉండేది. కాసేపటికి మెల్లగా పైకి తేలి, అరుగు దాటి వీధి చివరికి వినబడేది. మళ్లీ నూతిలోకి. కరణంగారు పెట్టె నెత్తిన ఒక్కటిచ్చేవారు. సరిగ్గా అప్పుడే గొంతు తిరిగొస్తే తన చేతి మహిమే అనుకునేవారు.

రేవు నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు, వేటకెళ్లే మనిషి. ఎప్పుడూ మెట్టు మీదే కూర్చునేవాడు. ఒకరోజు ఆగలేక, "పెట్టెని కొట్టకండి బాబూ, పాట సముద్రం మీంచి కదా వస్తంది. కెరటం మీద తెప్ప లేచి పడదేటి? అలాగే ఇదీని" అన్నాడు. అరుగంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. పదేళ్లు గడిచాక తెలిసింది, ఆ రోజు నవ్వినవాళ్లందరికంటే ఆ ముసలాయనే నిజానికి దగ్గరగా ఉన్నాడని. కెరటం ఉంది. సముద్రం మాత్రం కింద లేదు, నెత్తి మీద ఉంది.

ఎలా తెలిసిందంటావా? ఉద్యోగంలో చేరాను కదా. వాల్తేరు దగ్గర, సముద్రం ఎదురుగా మెరక మీద ఒక లాబు. ఎవరిదీ, ఎవరి దగ్గరా అని అడక్కండి. నేను చేసిన తప్పొకటి చెప్పబోతున్నాను, మధ్యలో వాళ్ల పేర్లెందుకు. ఆ రోజుల్లో వాల్తేరంటే ఈ విద్యకి పేరున్న చోటు. ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావుగారు ఆకాశం పైపొరల మీద పరిశోధన నిలబెట్టారు. అంతకుముందు కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రాగారు బాట వేశారు. పైవాతావరణం మీద 1947లో ఆయన వేసిన పుస్తకాన్ని దేశదేశాలవాళ్లూ దగ్గర పెట్టుకుని చదివారు.

నా హోదా మెకానిక్కు. పని మటుకు తీగలు లాగడం. సరుగుడు కర్రలు పాతాలి, వాటి మధ్య రాగి తీగ కట్టాలి, రెండు కొసలా పింగాణీ గుండ్లు వెయ్యాలి. ఉప్పుగాలికి నెల తిరక్కుండా తీగ పచ్చటి చిలుము పట్టేది. గరుకు కాగితంతో గీకి, మళ్లీ టంకం పెట్టి, కర్రెక్కి కట్టాలి. చేరిన మొదటి వారమే మా సారు ఒక లెక్క నేర్పారు. "మూడొందలని మెగాసైకిళ్లతో భాగించరా, అల పొడవు మీటర్లలో వస్తుంది. అందులో సగం నీ తీగ" అన్నారు. ఐదు మెగాసైకిళ్లయితే అల అరవై మీటర్లు, తీగ ముప్పై. నడుమ తెంపితే రెండు పక్కలా పదిహేనేసి. ఇంతే విద్య. ఇప్పుడు మెగాహెర్ట్జ్ అంటున్నారు గానీ లెక్క అదే. నీ సెల్లు 900లో పలికితే అల మూరెడు లేదు, ముప్పై మూడు సెంటీమీటర్లు. అందుకే దాని ఏరియల్ నీ అరచేతి పెట్టెలో ఇమిడిపోయింది. నాకు మటుకు కొబ్బరి చెట్టంత ఎత్తు ఎక్కక తప్పలేదు.

ఇంతకీ నెత్తి మీది సముద్రం సంగతి.

మార్కోనీ ముచ్చట మీ పుస్తకాల్లో ఉండే ఉంటుంది. 1901 డిసెంబరు 12. ఇంగ్లండు పడమటి కొసన పోల్ధ్యూ అనే చోట నుంచి మూడు చుక్కలు కొడుతున్నారు, టిక్ టిక్ టిక్ అని. అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్లాండులో ఒక కొండ మీద మార్కోనీ కూర్చున్నాడు. ఏరియల్ దేనికి కట్టాడనుకున్నావు చిన్నోడా? గాలిపటానికి! ఈదురుగాలిలో గాలిపటం తీగని పైకి లాగుతుంటే, చెవికి రిసీవరు ఆనించుకుని ఆ మూడు చుక్కలూ విన్నానన్నాడు. మధ్య దూరం మూడు వేల కిలోమీటర్ల పైమాట. లెక్కలు తెలిసినవాళ్లు తలలు పట్టుకున్నారు. భూమి గుండ్రం కదా, తిన్నగా పోయే అల ఆ వంపు దాటి ఎలా వెళ్లింది? మరుసటి ఏడు అమెరికాలో కెనెల్లీ, ఇంగ్లండులో హెవిసైడ్, ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఒకే మాట అన్నారు: పైన ఎక్కడో కరెంటు పారే పొర ఉండాలి, అది అలని కిందికి తిప్పి పంపుతూ ఉండాలి.

అనడం తేలిక. చూపించడానికి ఇరవై ఏళ్లు దాటింది. చూపించినాయన ఆపిల్టన్. ఎలాగో తెలుసా? కరణంగారు దేనికి విసిగి పెట్టెని కొట్టేవారో, దాన్ని పట్టుకునే! 1924 డిసెంబరులో, బోర్న్‌మత్ ఊళ్లో బీబీసీ వాళ్ల కార్యక్రమాలు అయిపోయిన తరవాత వాళ్ల ట్రాన్స్‌మిటరు ఇప్పించుకుని, తనూ బార్నెట్ అనే శిష్యుడూ ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చున్నారు. అల రెండు దారుల్లో వస్తోంది. ఒకటి నేల మీంచి తిన్నగా, ఒకటి పైకెళ్లి తిరిగి. రథం తాడు ఇద్దరూ ఒక్క ఊపులో లాగితే రథం కదులుతుంది. ఒకడు ముందుకీ ఒకడు వెనక్కీ లాగితే ఉన్నచోటే నిలబడుతుంది. అల పొడవు మెల్లమెల్లగా మార్చుకుంటూ పోతే జోరు లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఎన్నిసార్లు లేచి పడిందో లెక్కపెట్టారు, అంతే. ఆ లెక్కలోంచి పైదారి ఎంత పొడవో తేలింది. పొర సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున దొరికింది. 1947లో ఆపిల్టన్‌కి నోబెల్ ఇచ్చారు. పాట వినేవాడికి విసుగు తెప్పించిన దాన్నే ఆయన కొలతకర్ర చేసుకున్నాడు.

తరవాత ఒక్క పొర కాదు, మేడ మీద మేడలాగ చాలా ఉన్నాయని తెలిసింది. అన్నిటికంటే అడుగుది ఎండ ఉన్నంతసేపే ఉంటుంది. ఇసక నీళ్లు తాగినట్టు మీడియం వేవ్‌ని తాగేస్తుంది. పొద్దుగూకాక అది కరిగిపోతే అలలు పైమేడ దాకా వెళ్లి తిరిగొస్తాయి. కరణంగారి పెట్టె పగలు మూగగా, రాత్రి మాటకారిగా ఉండడం వెనక రహస్యం అదీ. మేం రోజూ అల పంపి చూసే పైపొర మరీ ఎత్తున, రెండొందల యాభై, మూడొందల కిలోమీటర్ల దగ్గర ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ పొర నున్నటి అద్దం కాదు. చెరువు నీళ్లలో ఎండ పడినప్పుడు అడుగున వెలుగు గళ్లు కదలడం చూశారు కదా? పైన నీటి ముడతలు కదిలిన కొద్దీ కింద గళ్లు నడుస్తాయి. అల్లాగే పైపొర ముడతల వల్ల నేల మీద రేడియో వెలుగులూ నీడలూ పడతాయి. మనకి కనబడవు, ఏరియల్‌కి తెలుస్తాయి. వెలుగు గడి మన కప్పు మీదికి వచ్చిందా, ఘంటసాల వీధి చివరికి వినిపిస్తాడు. నీడ వచ్చిందా, నూతిలోకి దిగుతాడు.

ఆ నీడ ఎటు నడుస్తోందో, ఎంత వేగంగా నడుస్తోందో తెలిస్తే పైన పొర ఎటు కొట్టుకుపోతోందో తెలుస్తుంది కదా? ఈ ఉపాయాన్ని లెక్కగా కట్టి 1949లో అచ్చువేసిన ఇంకో మిత్రా కూడా మన దేశం మనిషే, కేంబ్రిడ్జిలో చేశాడు. మా లాబులో చేసిందీ అదే. లంబకోణంలాగ మూడు ఏరియళ్లు: మూల మీద ఒకటి, దానికి ఉత్తరాన ఒకటి, తూర్పున ఒకటి. ఒక్కోటీ ఇంచుమించు వంద మీటర్ల ఎడం. పైకి రేడియో అలని ఒక దెబ్బలాగ కొట్టి పంపితే, తిరిగొచ్చింది మూడింటి మీదా పడుతుంది. చీకటి గదిలో మూడు ఆకుపచ్చ గీతలు ఎగిరి పడుతుంటే కెమెరాలో ఫిలిం మెల్లగా తిరుగుతూ ఫొటో తీసేది. తెల్లారాక ఫిలిం కడిగి, గాజుబల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చూస్తే మూడు కొండల వరసల్లా ఉండేవి. ఒకే శిఖరం ఒక గీతలో ముందు, ఇంకో గీతలో రవ్వంత వెనక. ఆ రవ్వంత ఎంతో కొలవాలి. ఒక్కోసారి అర సెకను. అర సెకనులో వంద మీటర్లు. అంటే నేల మీద నీడ సెకనుకి రెండొందల మీటర్లు పరుగెడుతోందన్నమాట.

అంటే పైన వేగం కూడా అంతేనా? నేనూ అలాగే అన్నాను. మా సారు నవ్వి, "సగమేరా" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన ఏం చూపించారో మీకూ చూపిస్తాను. చిన్నోడా, ఆ గోడకీ ఈ మంటకీ సరిగ్గా మధ్యలో నిలబడు. చెయ్యి చాపు. గోడ మీద నీడ చూడు. ఇప్పుడు చెయ్యి జానెడు పక్కకి జరుపు. నీడ ఎంత జరిగింది? అమ్మడూ, వెళ్లి జానతో కొలువు.

చూశావా, రెండు జానలు! మంట అంటే మా ట్రాన్స్‌మిటరు, చెయ్యి అంటే పైపొర, గోడ అంటే నేల. పైకెళ్లిన దూరం ఎంతో కిందికొచ్చిన దూరం అంత. కాబట్టి పొర ఎప్పుడూ దారికి నట్టనడుమే. నీడ రెండొందలు నడిస్తే పొర నడిచింది వందే. సెకనుకి వంద మీటర్లంటే గంటకి మూడొందల అరవై కిలోమీటర్లు. తుపాను గాలి కూడా దాని ముందు దిగదుడుపే. కాకపోతే అక్కడ మన గాలిలాంటి గాలి ఎక్కడిది, ఉన్నదంతా మహా పల్చన.

ఇక నా తప్పు. ఒక కార్తీక మాసంలో, రాత్రి వానకి తూర్పు కర్రా ఉత్తరపు కర్రా రెండూ ఒరిగిపోయాయి. తెల్లారగట్ల బురదలో నిలబడి తిరిగి పాతాను, తీగలు కట్టాను, కేబుళ్లు గదిలోకి లాగి బిగించాను. మూడు రోజులు రికార్డు తీశాం. నాలుగో రోజు సారు గ్రాఫు కాగితం ముందు కూర్చుని కదల్లేదు. మన అక్షాంశంలో ఆ పొర ఎక్కువగా తూర్పూ పడమరలకే కొట్టుకుపోతుంది. అలాంటిది మూడు రోజులుగా ఉత్తరానికి పోతోంది! కుర్రసార్లు ఇద్దరు అప్పుడే సంబరపడుతున్నారు, కొత్తదేదో కనిపెట్టామని. సారు మటుకు కళ్లజోడు తీసి నన్ను పిలిచి, "కేబుళ్లు ఎవరు బిగించారు?" అన్నారు. నా కాళ్లలో నెత్తురు లేదు. వెళ్లి చూస్తే ఉత్తరపుది తూర్పు సాకెట్లో ఉంది, తూర్పుది ఉత్తరపు దాంట్లో ఉంది.

ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన ఎర్రసిరా పెన్ను తీసి, మూడు రోజుల కాగితాల మీదా "తూ" అన్నచోట "ఉ", "ఉ" అన్నచోట "తూ" రాసుకుంటూ పోయారు. గాలి తిరిగి తూర్పుదారి పట్టింది. "ఎక్కడ తప్పామో తెలిసింది కాబట్టి ఒక్క ఫిలిం కూడా పారేసే పని లేదు. తెలియకపోతే ముగ్గురం కలిసి అబద్ధం అచ్చువేసేవాళ్లం" అన్నారు. మర్నాడు ఉత్తరపు కేబులుకి ఎర్రగుడ్డ, తూర్పుదానికి తెల్లగుడ్డ కట్టాను. రిటైరయ్యేదాకా ఏ కేబుల్ చూసినా చెయ్యి ముందు గుడ్డపీలిక కోసం వెతికేది.

తరవాత ఇళ్ల మీద టీవీ ఏరియళ్లు వచ్చాయి. చేప ముల్లులాగ ఉండేవి, గుర్తుందా అమ్మడూ? నీకెక్కడ గుర్తుంటుందిలే, మీ అమ్మనడుగు. గాలికి అది తిరిగిపోతే మీ నాన్న డాబా మీద, మీ మామ్మ టీవీ ముందు. "వచ్చిందా?" "రాలేదు!" "ఇప్పుడో?" అని వీధంతా అదే కేక. దాన్ని 1926లో జపాన్లో యాగి అనే ప్రొఫెసరూ, ఆయన దగ్గర పనిచేసే ఉదా బయటపెట్టారు. పనిలో ఎక్కువ పాలు ఉదాదే గానీ లోకంలో పేరు యాగిదే నిలిచింది. సొంత దేశంలో మొదట దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1942లో, నేను పుట్టిన ఏడే, సింగపూరు జపానువాళ్ల చేతికి చిక్కింది. అక్కడ బ్రిటిషువాళ్ల రాడార్ కాగితాల్లో "యాగి" అన్న మాట కనబడితే అర్థం కాక పట్టుబడ్డ సైనికుణ్ణి అడిగారట. వాడు తెల్లబోయి, అది మీ ప్రొఫెసరు పేరే కదా అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంట్లో ఉన్న వైద్యం ఊరివాడు చెబితే గానీ తెలియలేదు.

ఆ చేప ముల్లులు తోటంత మొలిస్తే ఎలా ఉంటుందో కూడా చూశాను. రిటైరయ్యాక తిరుపతి వెళ్లినప్పుడు దగ్గర్లో గాదంకి అని ఒక ఊరుందని తీసుకెళ్లారు. చుట్టూ కొండలు, మధ్యలో పళ్లెంలాంటి చోటు. బయటి రొద చొరబడకుండా కొండలే ప్రహరీ గోడ. అక్కడ 130 మీటర్ల చదరంలో ముప్పై రెండు వరసలు, వరసకి ముప్పై రెండు, మొత్తం 1024 యాగి ఏరియళ్లు, అన్నీ ముఖాలు ఆకాశానికెత్తి. 53 మెగాహెర్ట్జ్. నేను మనసులోనే మూడొందలని భాగించాను: అల ఐదున్నర మీటర్ల పైచిలుకు. ఈ తోటని పక్కకి ఎలా తిప్పుతారండీ అనడిగాను. తిప్పరట. కవాతు చూడండి. వరసంతా ఒక్కసారి అడుగేస్తే తిన్నగా పోతుంది. ఈ కొసవాడు ముందు, ఆ కొసవాడు కాస్త వెనక వేస్తే వరస వాలుతుంది. అలాగే ఒక్కో ఏరియల్‌కీ రవ్వంత ఆలస్యం ఇచ్చుకుంటూ పోతే తోట కదలకుండానే దాని చూపు పక్కకి వాలుతుంది. 1990ల మొదట్లో అది పని మొదలెట్టింది. గాలి సుళ్ల మీద తగిలి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వని పట్టుకుని పైన గాలుల వేగం చెప్తుంది. నేను బురదలో పాతిన మూడు సరుగుడు కర్రలు గుర్తొచ్చాయి. కంచె పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. మీ మామ్మ దర్శనానికి వేళయిపోతోందని గోల పెడితే కదిలాను.

అమ్మడూ, ఇప్పుడు నీ సెల్లు సంగతి. టవరు నుంచి బయల్దేరిన అల నీకు ఒక్క దారిన రాదు. వాటర్ ట్యాంకుకి తగిలి ఒకటి, రామాలయం గోడకి తగిలి ఒకటి, ఆ లారీకి తగిలి ఒకటి. మళ్లీ రథం తాడు కథే. కాకపోతే అల చిన్నది కదా, వెలుగు గడి నుంచి నీడ గడికి జానెడు కూడా ఉండదు. నువ్వు రెండడుగులు వేసేలోపు నాలుగు వెలుగులూ నాలుగు నీడలూ దాటేస్తావు. చాలాకాలం ఇంజినీర్లు దీన్ని శాపనార్థాలు పెట్టారు. 1990ల మొదట్లో పాల్‌రాజ్ అనే ఆయన, మన నేవీలో పనిచేసి స్టాన్‌ఫర్డ్ వెళ్లిన పొల్లాచ్చి మనిషి, ఎదురు ప్రశ్న వేశాడు. ఇన్ని దారులుంటే పోనీ ఒక్కో దారినా ఒక్కో మాట పంపితే? అటు నాలుగు ఏరియళ్లు, ఇటు నాలుగు, మధ్యలో లెక్క. వైఫైలోనూ నీ ఫోర్‌జీ, ఫైవ్‌జీలోనూ నడుస్తున్నది అదే. 2014లో ఆయనకి ఇచ్చిన బహుమతి పేరేమిటో తెలుసా? మార్కోనీ ప్రైజు. గాలిపటం తిరిగి తిరిగి మన వాకిట్లోనే వాలింది.

సరే, మంట తగ్గింది. ఆ మట్ట ఒకటి వెయ్యి. లోపల నా మంచం కింద పాత ట్రాన్సిస్టర్ ఉంటుంది, పట్రా. ఇదిగో, మీడియం వేవ్. మెల్లగా తిప్పు... ఇంకొంచెం... ఆఁ, ఆగు. ఏ భాషో తెలియదు, ఎవరో అమ్మాయి పాడుతోంది. పరవాలేదు, భాషతో మనకి పని లేదు. గొంతు వినండి. ఇప్పుడు గట్టిగా ఉంది. సన్నబడుతోంది... పోయింది. అమ్మడూ, లెక్కపెట్టు. పైకి తేలేదాకా.

ఎంత? పద్నాలుగా? మళ్లీ పోతోంది, మళ్లీ లెక్కపెట్టు. తొమ్మిదా! బాగుంది. పైన నీడ ఒకటి మన వాకిలి దాటిపోయింది.

ఎటు పోయిందంటావా చిన్నోడా? ఒక్క రేడియోతో అది తెలియదురా. మూడు కావాలి. ఒకటి ఇక్కడ, ఒకటి చెరువు గట్టు మీద, ఒకటి రామాలయం దగ్గర.

ఒరే, ఎక్కడికిరా ఆ పరుగు? పక్కింట్లో ఒకటుందా? అడిగి తీసుకో, నిద్ర లేపకు. చెప్పులేసుకెళ్లు!